ఏడో మెట్టు

2016 నవంబరు రెండో వారం. పొద్దున్న తొమ్మిదింటికి పంచాయతీ ఆఫీసు తాళం తీద్దామని వెళ్తే అరుగు మీద పదిహేను మంది కూర్చుని ఉన్నారు. ముప్పై అయిదేళ్ల నా సర్వీసులో ఇంటి పన్ను కట్టడానికి జనం నాకన్నా ముందొచ్చి కూర్చోవడం అదే మొదలు. మామూలుగా వాళ్ల అరుగుల మీద కూర్చునేది నేను. "మాసూళ్లవనీ", "మా అబ్బాయి ఊళ్లో లేడు", "మొన్నేగా కట్టాం" అనిపించుకుని, ఇచ్చిన మజ్జిగ తాగి లేచి వచ్చేది నేను.

వరసలో ముందున్న పెద్దాయన పంచె మడతలోంచి ఐదొందల నోట్లు తీసి బల్ల మీద పెట్టారు.

"మొత్తం బకాయి రాసెయ్యి."

"పధ్నాలుగేళ్లదండీ. కుళాయిది వేరే."

"అదీ రాసెయ్యి. వచ్చే ఏడాదిది కూడా రాసెయ్యి."

"వచ్చే ఏడాదికి ఇంకా డిమాండు వెయ్యలేదండీ."

"నేనిస్తానంటే నువ్వెయ్యనంటావేంటయ్యా, కలికాలం కాకపోతే!"

నవంబరు 8 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. తర్వాత స్థానిక సంస్థల పన్నులకు మాత్రం పాత నోట్లు తీసుకోవచ్చన్నారు. ఆ గడువు పెంచుకుంటూ పోయి 24 దాకా తెచ్చారు. ఆ రెండు వారాల్లో మా రసీదు పుస్తకాలు అయిపోతే భీమవరం మనిషిని పంపించి తెప్పించాం. రెండేళ్లు తిరిగితే గాని రాని డబ్బు పదిహేను రోజుల్లో వచ్చింది. సర్పంచి గారు నా భుజం తట్టారు. నేను చేసిందేమీ లేదు. కుర్చీలో కూర్చున్నాను, అంతే.

నేను పంచాయతీ బిల్లు కలెక్టరుని. 1981లో చేరాను, 2018లో దిగిపోయాను. మా ఊరు భీమవరానికి దక్షిణాన, యనమదుర్రు డ్రెయినుకి దగ్గర్లో. నా చేతిలో ఉండేది డీసీబీ రిజిస్టరు. డిమాండు, కలెక్షను, బాలెన్సు. ఏ ఇంటికి ఎంత వేశాం, ఎంత వచ్చింది, ఎంత మిగిలింది. ఊరి చరిత్ర రాసేవాళ్లు శాసనాలు వెతుకుతారు, మంచిదే. నన్నడిగితే ముందు ఈ రిజిస్టరు చూడమంటాను. నేను చేరినప్పుడు అందులో మొదటి కాలమ్ నిండా 'తాటాకు' అని ఉండేది. తర్వాత 'పెంకు', ఆ తర్వాత 'డాబా'. ఏ పేజీలో ఏ మాట మారిందో చూస్తే ఢిల్లీలో ఏ ఏడాది ఏం జరిగిందో చెప్పొచ్చు.

ఆ పన్ను డబ్బు ఎక్కువగా పోయేది మంచినీళ్ల చెరువుకి. కాబట్టి కథ అక్కడ మొదలెట్టాలి.

సముద్రం దగ్గరపడే కొద్దీ మా నేలలో నీరు ఉప్పు. రెండు నిలువులు తవ్వితే బావిలో నీళ్లు పడతాయి గానీ నోట్లో పోసుకుంటే ఉమ్మెయ్యాలి. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట కట్టాడంటే అందరికీ వరి గుర్తొస్తుంది. 1833 నందన కరువులో జనం చచ్చి, మిగిలినవాళ్లు వలసపోయి పాడుపడ్డ జిల్లా అన్నపూర్ణ అయిందంటారు. నిజమే. మా తాత మాత్రం వరి సంగతి రెండోది అనేవాడు. విజ్జేశ్వరం దగ్గర తలుపులెత్తితే పడమటి డెల్టా కాలువల్లో బయల్దేరిన గోదారి, పెద్ద కాలువ, పిల్ల కాలువ, బోదె దాటుకుని చివరికి మా చెరువు తూములో పడేది. ఉప్పు నేల మీద తియ్యటి నీళ్లు నిలబెట్టుకోవడం అప్పుడు కుదిరింది.

ఒక చిక్కుంది. కాలువ ఏడాదంతా పారదు. వేసవిలో మరమ్మతులకీ పూడిక తీతకీ కట్టేస్తారు. ఏప్రిల్లో కడితే జూన్ దాకా అంతే. కాబట్టి కట్టేసే ముందు చెరువు నింపుకోవాలి, ఆ నీళ్లు రెండు నెలలు రావాలి. నా చిన్నప్పుడు డప్పు వేయించి చాటించేవారు. ఫలానా తారీఖుకి కాలువ కట్టేస్తున్నారు, తూము ఎత్తుతున్నాం, పశువుల్ని దించొద్దు, బట్టలుతకొద్దు అని. ఆ వారం కాలువ చివరి ఊళ్లకీ ఎగువ ఊళ్లకీ తగువులే తగువులు. ఎగువ వాళ్లు తూము మూయరు, దిగువకి నీళ్లు దిగవు. రాత్రిళ్లు లాంతర్లు పట్టుకుని గట్ల మీద కాపలా ఉండేవారు.

మా చెరువు రేవుకి పదకొండు మెట్లు. రాతి మెట్లు, అంచులు బిందెల రాపిడికి గుంటలు పడ్డాయి. చెరువు నిండితే పై రెండే కనబడతాయి. నీరు దిగుతున్న కొద్దీ ఒక్కొక్కటీ పైకి లేస్తుంది. మా ఊళ్లో కొలబద్ద అదే. "ఎన్నో మెట్టుకొచ్చింది?" అని అడిగితే ఊరందరికీ అర్థమయ్యేది. ఏడో మెట్టు బయటపడిందంటే రేవు పొద్దున్నపూట మాత్రమే తెరిచేవారు, మనిషికి రెండు బిందెలు. తొమ్మిదో మెట్టు దాకా వచ్చిన ఏడు నేనొక్కసారే చూశాను. ఆ నీళ్లకి రంగుంటుంది, వాసనుంటుంది. మా నాయనమ్మ కుండ లోపలి గోడకి ఇండుపగింజ రుద్ది నీళ్లు పోసేది. తెల్లారేసరికి మట్టంతా అడుక్కి దిగేది. పటిక బిళ్ల తర్వాత వచ్చింది. కలరా మాత్రం రెండింటికీ లొంగేది కాదు.

ఇంకో మాట దాచకూడదు. ఆ పదకొండు మెట్లు ఊరందరివీ కావు. దళితుల పేటకి వేరే చెరువుండేది. చిన్నది, మురుగు బోదెకి దగ్గర, అందరికన్నా ముందు ఎండేది. అది ఎండితే పేట ఆడవాళ్లు వచ్చి మా రేవు పక్కన నిలబడేవారు. ఎవరో ఒకరు తోడి పోస్తే పట్టుకునేవారు, మెట్టు దిగేవారు కాదు. 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో దళితుల మీద జరిగిన ఘోరం మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే. ఆ వార్త వచ్చిన రోజు మా రేవు దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. అందరికీ తెలిసిన సంగతే కాబట్టి.

కుళాయి వచ్చాకే ఆ రేవు సంగతి కొంత మారింది. కేంద్రం 1972-73లోనే పల్లెల నీటికని ఒక పథకం పెట్టింది, 1986లో జాతీయ మంచినీటి మిషన్ అంది. ఆ డబ్బు ఇన్ని చేతులు మారి మా ఊరొచ్చేసరికి చెరువు పక్కన రెండు ఇసుక ఫిల్టర్లు, ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు లేచాయి. వీధి కుళాయికి కులం లేదు. పైపుకుంది. ట్యాంకు దగ్గర మొదలైన పైపు పెద్ద వీధులన్నీ తిరిగి ఆఖర్న పేటకి వెళ్లేది. అక్కడికి చేరేసరికి ధార కాస్తా బొట్లయ్యేది. పేటకి విడిగా లైను వెయ్యాలని తీర్మానం రాయడానికి పన్నెండేళ్లు పట్టింది. రాసింది నేనే కాబట్టి లెక్క తెలుసు.

ఇసుక ఫిల్టరు గురించి కొంచెం చెప్పాలి. మా జిల్లాలో దాన్ని 'బెడ్డు' అంటారు. చూడ్డానికి గోడలు కట్టిన గచ్చు తొట్టి. అడుగున కంకర, పైన మీటరు మందాన సన్నటి ఇసుక, దాని మీద చెరువు నీళ్లు. నీరు ఇసుకలోంచి చాలా నెమ్మదిగా, గంటకి జానెడు కూడా కాదు, దిగుతుంది. మందూ లేదు, మిషనూ లేదు. నాగపూర్‌లోని నీరి సంస్థ డెబ్బైల్లో ఇలాంటి బెడ్లు పెట్టి చూసిన ఊళ్లలో మా పాత జిల్లా పోతునూరు ఒకటి. ఇదంతా పనిచేసేది ఇసుక వల్ల కాదు, దాని మీద పట్టే జిగురు పొర వల్ల. పాచి, కంటికి కనబడని పురుగులు, అన్నీ కలిసి గోధుమరంగు మీగడలా కడతాయి. నీళ్లలోని రోగక్రిముల్ని ఆ మీగడే తినేస్తుంది. అది బతికున్నంత కాలం బెడ్డు బతికున్నట్టు. ఎండబెడితే చచ్చిపోతుంది.

మీగడ మరీ మందమైతే నీరు దిగదు. అప్పుడు తొట్టి ఖాళీ చేసి, పైన వేలెడు మందం కూడా లేకుండా గీకి తీసెయ్యాలి. మా వాటర్‌మాన్ నాకు వరసకి బావ. కాళ్లకి చెక్కలు కట్టుకుని, వెడల్పాటి పారతో వెనక్కి నడుస్తూ గీకేవాడు. తన అడుగు ఇసుకలో దిగకూడదు. గీకాక రెండు రోజులు ఆ బెడ్డు నీళ్లు ట్యాంకుకి ఎక్కించకూడదు, కొత్త మీగడ పట్టాలి. అందుకే రెండు బెడ్లు. ఎనభైల్లో నెలన్నరకోసారి గీకితే సరిపోయేదని బావ చెప్పేవాడు. ఆ నెలన్నర ఎలా తగ్గుతూ వచ్చిందో తర్వాత చెబుతాను.

బెడ్డు ఖర్చు తక్కువే, కరెంటు మోటారు ఖర్చు ఎక్కువ. దానికోసం కుళాయి పన్ను వేశాం. నాకు తిట్లు పెరిగాయి. రైతు నీటి తీరువా రెవెన్యూకి కడతాడు, 1968 చట్టం పెట్టిన డ్రైనేజీ సెస్సూ వాళ్లకే కట్టాడు. ఆ పేర్లు ఎత్తి ఎవర్నీ తిట్టడు. పంచాయతీ వంద రూపాయలడిగితే మాత్రం నా సైకిలు చూసి మొహం తిప్పుకుంటాడు. తప్పు పట్టను. వడ్ల రేటు అతని చేతిలో లేదు. మద్దతు ధర ఢిల్లీ చెబుతుంది, 2015 దాకా లెవీ పేరుతో మిల్లరు దగ్గర బియ్యంలో ఇంత వాటా అని ఎఫ్‌సీఐ తీసుకునేది, మిల్లరు ఆ నష్టం రైతు మీద వేసేవాడు. వడ్లు కళ్లంలో కూర్చున్న ఏడు నా వసూలూ కూర్చునేది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని పంట విరామం అని పొలాలు బీడు పెట్టారు గదా. అలాంటిది రాబోతోందని నా రిజిస్టరు నాలుగేళ్ల ముందే చెప్పింది, అడిగినవాళ్లు లేరు.

పైనుంచి వచ్చే డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను, మీకు విసుగు. వృత్తి పన్ను మా దగ్గరే వసూలయ్యేది, 1987లో రాష్ట్రం తన చేతిలోకి తీసుకుంది. నేను ఎర్ర సిరాతో ఆ కాలమ్ కొట్టేశాను. పంచాయతీలకి రాజ్యాంగంలో చోటిచ్చిన 73వ సవరణ వచ్చాక, పదో ఆర్థిక సంఘం మొదటిసారి గ్రామాలకి నేరుగా లెక్కగట్టి గ్రాంటు ఇమ్మంది. 2011 నుంచి 2013 దాకా మాకు ఎన్నికలు లేవు, స్పెషలాఫీసర్లు. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్రం గ్రాంటు ఆపేసింది. ఆ రెండేళ్లూ బ్లీచింగు అప్పు మీద తెచ్చాం. కిరాణా కొట్టాయన ఇప్పటికీ దెప్పుతాడు.

ఇక రొయ్య.

1991 జూలై 1న ఒకసారి, 3న ఒకసారి రూపాయి విలువ తగ్గించారు. మా ఊళ్లో ఆ వారం దాన్ని గురించి ఎవరూ మాట్లాడినట్టు గుర్తులేదు. డాలరుకి ఎక్కువ రూపాయలు వస్తాయంటే ఏమిటో మూడేళ్లకి తెలిసింది. సముద్రం వైపు ఊళ్లలో టైగర్ రొయ్య చెరువులు లేచాయి. 1994, 95ల్లో వైరస్ వచ్చి తెల్లమచ్చలతో రొయ్యంతా పోయింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరం వెంబడి ఈ చెరువులు కూడదంది. హమ్మయ్య అనుకున్నాం. అప్పటికే కొల్లేరు వైపు నుంచి చేపల చెరువులు మా వైపు నడిచి వస్తున్నాయి. 2009లో వెనామీ రొయ్యకి అనుమతి వచ్చింది. ఉప్పు తక్కువున్నా బతుకుతుంది, ఎకరానికి రాబడి ఎక్కువ. దాంతో మా ఊరి మెరక పొలాల్లో కూడా పొక్లెయిన్లు తిరిగాయి. ఒకడు తవ్వితే పక్కవాడి చేలో ఉప్పూరుతుంది. వరి పండదు, వాడూ తవ్వుతాడు. పదేళ్లలో సగం ఆయకట్టు నీలంగా మెరవడం మొదలెట్టింది.

డబ్బొచ్చింది. కాదనను. నా రిజిస్టరులో 'పెంకు' కొట్టేసి 'డాబా' రాసిన పేజీలు ఎక్కువ ఆ పదేళ్లవే. మార్బుల్ వేసిన ఇళ్లు, ఏరియేటర్ల మోత, రాత్రంతా దీపాలు. రొయ్యల చెరువుకి మాత్రం నా పుస్తకంలో కాలమ్ లేదు. ఇంటికి పన్ను, కుళాయికి పన్ను. ఊరి సగం భూమిని మార్చేసిన వ్యాపారం నుంచి ఊరి నీళ్లకి వచ్చేది సున్నా.

ఆ చెరువుల నీళ్లు పట్టుబడి అయ్యాక ఎక్కడికి వదలాలి? డ్రెయినుకి. డ్రెయిను నిండితే? బోదెకి. కాలువ చివరి ఊరు కాబట్టి పైవాళ్లు వదిలిందంతా మా తూముకే. మేత, పెంట, మందులు కలిసిన నీళ్లు మంచినీళ్ల చెరువులోకి వస్తే పాచి పచ్చగా పేరుకుంటుంది. ఆ పాచి బెడ్డు మీద పడుతుంది. నెలన్నర కాస్తా నెలయింది, నెల పదిహేను రోజులయింది. 2012 వేసవిలో బావ వారానికోసారి గీకేవాడు. మీగడ పట్టేలోపే గీకెయ్యాల్సి వస్తే ఇక అది ఫిల్టరు కాదు, ఇసుక తొట్టి.

మా తప్పూ ఉంది. మంచినీళ్ల చెరువులో చేపలకి పాట పెట్టేవాళ్లం. పంచాయతీకి ఆదాయం కావాలి మరి. పాటలో షరతు, మేత వెయ్యకూడదని. ఒక ఏడు పాడుకున్నాయన రాత్రిపూట తవుడు వేశాడు. నాలుగో రోజుకే బెడ్డు మూసుకుపోయింది. బావ వచ్చి నా బల్ల మీద ఒక సీసాడు నీళ్లు పెట్టాడు. ఆకుపచ్చగా ఉన్నాయి.

"ఇవి ట్యాంకుకి ఎక్కించనా, వద్దా? నువ్వే రాసివ్వు" అన్నాడు.

రాసివ్వలేదు. ట్యాంకుకి ఎక్కించకపోతే ఊరు ఎండుతుంది, ఎక్కిస్తే రాసిచ్చిన చెయ్యి నాదవుతుంది. ఆయన బ్లీచింగు రెట్టింపు వేసి ఎక్కించాడు. ఆ సాయంత్రం మా ఆవిడ కుళాయి నీళ్లు వాసన చూసి పారబోసింది. మర్నాడు మా ఇంటికి నీళ్ల టిన్ను వచ్చింది. పంచాయతీ బిల్లు కలెక్టరు ఇంటికి!

టిన్నుల చరిత్ర ఎవరైనా రాస్తే బావుణ్ను. మొదట దాతలు పెట్టిన ప్లాంట్లు, తర్వాత వ్యాపారస్తులవి, 2014 అక్టోబరు 2న ఎన్టీఆర్ సుజల అని 20 లీటర్లు 2 రూపాయలకి. మా వైపు మినీ వ్యాన్లు హారన్ కొట్టుకుంటూ వీధులు తిరుగుతాయి. నేను దిగిపోయేనాటికి మా కుళాయి పన్ను నెలకి 30 రూపాయలు. టిన్ను ఇంటికి తెచ్చిస్తే 10. రోజుకి ఒక టిన్నంటే నెలకి 300. కుళాయికి 30 ఇవ్వడానికి మూడు సార్లు తిప్పించుకున్న ఇంట్లోనే టిన్ను కుర్రాడికి ఒకటో తారీఖున 300 చేతిలో పెట్టేవారు. ఈ తేడా చూసి నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చేవి. నీళ్లు తాగేటట్టుంటే నాకూ ఇచ్చేవారేమో. డబ్బు లేక నీళ్లు చెడ్డాయో, నీళ్లు చెడి డబ్బు రాలేదో, ఆ లెక్క డీసీబీలో తేలదు.

అందుకే 2016 నవంబరులో అంత డబ్బు ఒక్కసారి వచ్చినప్పుడు నాకో ఆశ పుట్టింది. మూడో బెడ్డు కడదామని, తూముకి విడిగా పైపు వేసి పెద్ద కాలువ నుంచే నీళ్లు తెద్దామని సర్పంచి గారితో చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. ఆ డబ్బులో ఎక్కువ భాగం పాత కరెంటు బకాయికి పోయింది. మిగిలింది సిమెంటు రోడ్డయింది. రోడ్డు మీద పేరు రాయించుకోవచ్చు, బెడ్డు మీద ఎవరు రాయించుకుంటారు?

నేను దిగాక చాలా జరిగాయి. 2019 అక్టోబరు 2న తూర్పు గోదావరి కరపలో గ్రామ సచివాలయాలు మొదలెట్టారు. సెక్రటరీ, నేను, ఒక బల్ల ఉన్న చోటికి పదిమంది దాకా ఉద్యోగులు, కంప్యూటర్లు వచ్చాయి. బెడ్డు గీకే మనిషి మాత్రం పాత ఒక్కడే, పాత జీతమే. అదే ఏడు ఆగస్టు 15న ఢిల్లీలో జల్ జీవన్ అన్నారు. మనిషికి రోజుకి 55 లీటర్లు, ఇంటింటికీ కుళాయి. మా ఊళ్లో ఇంటింటికీ కుళాయి ఎప్పుడో ఉంది. పదిహేనో ఆర్థిక సంఘం తన గ్రాంటులో 60 శాతం నీటికీ పారిశుధ్యానికే వాడాలని కట్టేసింది, అది మంచి పని. 2021లో కరెంటు బకాయిల కింద పంచాయతీల ఖాతాల్లో డబ్బు లాగేసుకున్నారని సర్పంచులు రోడ్డెక్కారు. పేపర్లో ఫొటో చూసి మా పాత కరెంటు బకాయి, సిమెంటు రోడ్డు గుర్తొచ్చాయి.

2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. మన రొయ్య ఎక్కువగా వెళ్లేది అక్కడికే. పెద్ద సైజు రొయ్య రేటు పడింది. మా వీధి చివర ఆరెకరాల చెరువు కౌలుకి తీసుకున్న కుర్రాడు పట్టుబడి చేసి మళ్లీ పిల్ల వెయ్యలేదు. ఏరియేటర్లు గట్టు మీద పడేశాడు. ఎండిన అడుగు నల్లగా పగిలి ఉంది. "వరి వేసుకుంటావా?" అన్నాను. "ఈ ఉప్పులోనా బాబాయ్" అన్నాడు. అతను ఆ ఏడు ఇంటి పన్ను కట్టలేదని కొత్త బిల్లు కలెక్టరు నాతో చెప్పుకున్నాడు.

కాలువ కట్టేసే రోజులు దగ్గరికొస్తున్నాయి. డప్పు లేదు, వాట్సాప్‌లో మెసేజి వచ్చింది. నిన్న సాయంత్రం అలవాటు కొద్దీ చెరువు దాకా నడిచాను. రేవు దగ్గర ఎవరూ లేరు, మెట్ల మీద తుంగ మొలిచింది. తూము ఎత్తారు గానీ నీరు సన్నగా వస్తోంది, ఎగువ వాళ్లు మూయలేదు కాబోలు. బెడ్డు గీకే కుర్రాడు గట్టు మీద నిలబడి సెల్లులో ఎవరితోనో గొడవపడుతున్నాడు. నన్ను చూసి ఫోను చెవికి దూరంగా పట్టుకుని, "ఎన్నో మెట్టండీ?" అన్నాడు.

లెక్కపెట్టాను. ఆరు కనబడుతున్నాయి.